సభ్య కాలేజీ విలువెంత? ధర్మపురి అనుబంధాల నుంచి అమెరికా కాన్ఫరెన్సుల దాకా

ఉమ్మడి ధర్మపురి జిల్లా బర్గూరులో 1994లో ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది. అప్పట్లో ఆ ప్రాంతపు కాలేజీలు మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేవి. 1997లో సేలంలో పెరియార్ విశ్వవిద్యాలయం వచ్చాక దాని పరిధిలోకి వెళ్లాయి. 2001లో చట్టం మార్చి రాష్ట్రంలోని ఇంజనీరింగ్ కాలేజీలను చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయానికి అప్పగించారు. 2007లో అన్నాను విడగొట్టాక ఈ పక్కవన్నీ కోయంబత్తూరు అన్నా కిందకు వచ్చాయి. 2012 కల్లా మళ్లీ చెన్నైకే చేరాయి. ఇరవై ఏళ్లు నిండకుండానే నాలుగు బదిలీలు. భవనాలు కదల్లేదు, అధ్యాపకులు పెద్దగా మారలేదు, పట్టా మీద ముద్ర మాత్రం బ్యాచ్‌ను బట్టి మారుతూ వచ్చింది. మధ్యలో 2004లో బర్గూరు కృష్ణగిరి జిల్లాలోకి పోయింది. అది వేరే విభజన.

ఇదే కాలంలో అమెరికాలోనూ కాలేజీలు గుంపులు మారాయి. అక్కడ పరీక్షలకూ పట్టాలకూ దీనితో సంబంధం లేదు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడేందుకు విశ్వవిద్యాలయాలు కట్టుకున్న కూటములను కాన్ఫరెన్సులంటారు. ఒక కూటమి వదిలి మరో కూటమిలో చేరడం గత పదిహేనేళ్లలో అక్కడ పెద్ద వ్యాపార వార్త అయింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి కారణం ఉంది. రెండు చోట్లా అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: ఒక సభ్య కాలేజీ విలువ ఎంత, దాన్ని లెక్కగట్టేది ఎవరు?

విడదీతలూ కలయికలూ

1857లో లండన్ నమూనాలో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం మొదట పాఠాలు చెప్పే సంస్థ కాదు. చదువు చెప్పే పని కాలేజీలది, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చే పని విశ్వవిద్యాలయానిది. అనుబంధ వ్యవస్థ అంటే ఇదే. కలకత్తా విశ్వవిద్యాలయాన్ని పరిశీలించడానికి 1917లో వేసిన శాడ్లర్ కమిషన్ అప్పుడే దీన్ని గట్టిగా విమర్శించింది. తానే బోధించే, ఒకే ఆవరణలో ఉండే విశ్వవిద్యాలయాలు కావాలంది. వందేళ్లు గడిచాయి, అనుబంధ కాలేజీల సంఖ్య మాత్రం దేశంలో నలభై వేలు దాటింది.

కాలేజీల పంపకం ఎంత సున్నితమైన విషయమో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడ కేంద్రంగా మొదలైంది. ప్రధాన కేంద్రం బెజవాడలోనా, రాజమండ్రిలోనా, విశాఖలోనా, అనంతపురంలోనా అన్న తగవు సంవత్సరాల తరబడి నడిచింది. చివరికి వాల్తేరు గెలిచింది. దత్తమండలాలు (నేటి రాయలసీమ) ఈ ఏర్పాటుకు ఒప్పుకోలేదు, అక్కడి కాలేజీలు మద్రాసు వైపే మొగ్గాయి. అంత దూరంలోని వాల్తేరు కన్నా మద్రాసే నయమని వాళ్ల లెక్క. ఆ అపనమ్మకం 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక దాకా సాగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి చొప్పున రెండు కేంద్రాలు ఉండాలని ఆ పత్రంలో రాసుకున్నారు. అనంతపురం కేంద్రం రాలేదు. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. రాజధాని, నదీజలాల సరసన విశ్వవిద్యాలయ కేంద్రం కూడా రాష్ట్ర ఒప్పందంలో ఒక షరతు అయిందంటే, అనుబంధం అనేది ఫైళ్లకే పరిమితమైన వ్యవహారం కాదని ఒప్పుకోవాలి.

తమిళనాడులో ఈ వరుస మరింత చురుగ్గా సాగింది. 1966లో మదురై, 1982లో భారతియార్, భారతిదాసన్, 1997లో పెరియార్, 2002లో వేలూరు దగ్గర తిరువళ్లువర్ ఏర్పడ్డాయి. విడగొట్టిన ప్రతిసారీ వికేంద్రీకరణ అన్నారు. కలిపినప్పుడు ప్రమాణాలన్నారు. ప్రభుత్వం మారడానికీ మ్యాపు మారడానికీ ఉన్న పొత్తు మాత్రం కళ్లకు కనిపిస్తూనే ఉంది. 2007లో డీఎంకే ప్రభుత్వం విడదీసిన అన్నా విశ్వవిద్యాలయాన్ని 2011లో వచ్చిన అన్నాడీఎంకే ప్రభుత్వం చట్టం చేసి కలిపేసింది. 2021 ఆరంభంలో అన్నాడీఎంకే ప్రభుత్వం విళుప్పురంలో జయలలిత పేరిట విశ్వవిద్యాలయం పెట్టి, తిరువళ్లువర్ నుంచి కాలేజీలను దానికి మళ్లించింది. అదే ఏడాది డీఎంకే ప్రభుత్వం దాన్ని రద్దుచేసి, ఆ కాలేజీలను చిదంబరంలోని అన్నామలైకి అప్పగించింది. ఒకే ఏడాదిలో రెండుసార్లు చిరునామా మారింది. మీకేం కావాలని కాలేజీలను అడిగే నిబంధన ఈ ప్రక్రియలో ఎక్కడా లేదు.

మనవైపు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాగే. 1972లో పుట్టిన జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం పేర్లతో విడిపోయింది. 2022లో విజయనగరంలో మరొకటి వచ్చింది. 2006, 2008 మధ్య జిల్లాకొకటి అన్నట్టు నన్నయ, వేమన, కృష్ణా, విక్రమ సింహపురి, పాలమూరు, శాతవాహన ఏర్పడ్డాయి. అయితే ఇక్కడ విడదీసినవాటిని తిరిగి కలపలేదు. ఆ ప్రయోగం తమిళనాడు చేసింది కాబట్టే దాని అనుభవం మనకు ఎక్కువ పనికొస్తుంది.

అమెరికా లెక్క

అక్కడ కాలేజీని ఎవరూ బదిలీ చేయరు. అదే వెళ్తుంది, అవసరమైతే కోట్ల డాలర్ల జరిమానా కట్టి మరీ వెళ్తుంది. కాన్ఫరెన్సు తన మ్యాచుల టీవీ హక్కులను గుత్తగా అమ్మి, వచ్చింది సభ్యులకు పంచుతుంది. కాలేజీ ఫుట్‌బాల్ ప్రసారాల మీద జాతీయ సంఘం ఎన్‌సీఏఏకున్న గుత్తాధిపత్యాన్ని 1984లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. బేరం కాన్ఫరెన్సుల చేతికి వచ్చింది. బాస్కెట్‌బాల్‌కు ఇంకో ఆదాయం ఉంది. ప్రతి మార్చిలో జరిగే 68 జట్ల జాతీయ టోర్నమెంటులో ఒక జట్టు ఆడిన ఒక్కో మ్యాచుకు, ఫైనల్ మినహాయించి, దాని కాన్ఫరెన్సుకు ఒక యూనిట్ జమ అవుతుంది. ఒక్కో యూనిట్‌కు ఆరేళ్లలో దాదాపు 20 లక్షల డాలర్లు వస్తాయి. గెలిచిన కాలేజీ డబ్బు తోటి సభ్యులందరికీ పోతుందన్నమాట. కూటమి విలువ, సభ్యుడి విలువ ఇంత స్పష్టంగా అంకెల్లో కనిపించే ఏర్పాటు మరోటి దొరకడం కష్టం.

అంకెలున్నంత మాత్రాన చిక్కు తీరలేదు. 1979లో డేవ్ గావిట్ చొరవతో ఏడు కాలేజీలు కట్టుకున్న బిగ్ ఈస్ట్ పూర్తిగా బాస్కెట్‌బాల్ కూటమి. 1985లో జాతీయ టోర్నమెంటు చివరి నాలుగు జట్లలో మూడు దానివే. తర్వాత ఫుట్‌బాల్ డబ్బు కోసం కొత్త సభ్యులను చేర్చుకుంటూ, పాతవాళ్లను పోగొట్టుకుంటూ అతుకుల బొంత అయింది. చివరికి 2013లో ఫుట్‌బాల్ మీద ఆశ లేని ఏడు కేథలిక్ కాలేజీలు విడిపోయాయి, బిగ్ ఈస్ట్ అన్న పేరు తమతోనే తీసుకుపోయాయి. అందులో ఒకటైన విలనోవా 2016లో, 2018లో జాతీయ విజేత. ఫుట్‌బాల్ వైపు ఉండిపోయిన కనెక్టికట్ ఏడేళ్ల తర్వాత కోటీ డెబ్బై లక్షల డాలర్లు కట్టి 2020లో పాత గూటికి వచ్చి, 2023, 2024 టైటిళ్లు వరుసగా గెలిచింది.

పసిఫిక్ తీరం కథ దీనికి పూర్తి విరుద్ధం. 2022 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ రెండూ పాక్-12 వదిలి బిగ్ టెన్‌లో చేరుతున్నట్టు ప్రకటించాయి. ఏడాది తిరిగేసరికి ఆ కూటమిలో మిగిలింది ఒరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే. పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఇప్పుడు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సు సభ్యులు. భూగోళశాస్త్రం చదివిన పిల్లవాడికి ఈ వాక్యం అర్థం కాదు. టీవీ ఒప్పందం చదివినవాడికి వెంటనే అర్థమవుతుంది. పదకొండు బాస్కెట్‌బాల్ టైటిళ్ల యూసీఎల్‌ఏ ఇప్పుడు కూటమి మ్యాచు కోసం న్యూజెర్సీ దాకా, దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు, ఎగరాలి.

ఈ మార్పుల్లో బాస్కెట్‌బాల్ విలువ ఎప్పుడూ రెండోదే. ఆటను కనిపెట్టిన నైస్మిత్ స్వయంగా కోచ్‌గా పనిచేసిన కాన్సాస్, 2010లో తన కూటమి కూలబోతున్నప్పుడు ఎటు పోవాలో తోచని స్థితిలో పడింది. స్పష్టమైన మినహాయింపు గొంజాగా. ఫుట్‌బాల్ జట్టే లేని ఆ చిన్న కాలేజీని, పునర్నిర్మాణంలో ఉన్న పాక్-12 తన 2026 సీజన్ కోసం 2024లో పిలిచి మరీ చేర్చుకుంది. రెండుసార్లు జాతీయ ఫైనల్ ఆడిన జట్టు కావడమే ఆ పిలుపుకు కారణం.

దగ్గరితనం, పేరు, స్వేచ్ఛ

మన దగ్గర వాదనలు ప్రధానంగా మూడు దారుల్లో నడుస్తున్నాయి.

మొదటిది దగ్గరితనం. ధర్మపురి నుంచి సేలం 65 కిలోమీటర్లు, చెన్నై దాదాపు 300. మార్కుల జాబితాలో తప్పు దిద్దించుకోవాలన్నా, ప్రొవిజనల్ పట్టా తెచ్చుకోవాలన్నా చెన్నైకి రాత్రి బస్సెక్కాలా, సేలం పోయి సాయంత్రానికి ఇల్లు చేరాలా అన్నది పేదింటి విద్యార్థికి చిన్న తేడా కాదు. 1965లో జిల్లాతో పాటే పుట్టిన ధర్మపురి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి పెరియార్ వల్ల కలిగిన స్పష్టమైన మేలు ఇది. పీజీ చదువుల కోసం పెరియార్ ధర్మపురిలోనే ఒక కేంద్రం కూడా పెట్టింది. ఆన్‌లైన్ దరఖాస్తులు వచ్చాక దూరానికి విలువ లేదనే వాళ్లున్నారు. సగం నిజమే. ఫైలు ఆగినప్పుడు కౌంటర్ దగ్గర నిలబడాల్సింది ఇంకా మనిషే.

రెండోది పేరు. 2012 విలీనానికి అసలైన జనబలం ఇక్కడిదే. ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తు పెట్టేవాడికి చెన్నై అన్నా, కోయంబత్తూరు అన్నా ఒకటి కావన్న భావన విద్యార్థుల్లో, తల్లిదండ్రుల్లో బలంగా ఉండేది. పాఠ్యాంశాలు దాదాపు ఒకటే అయినా ఊరి పేరు తోడైతే పట్టా చిన్నబోయిందనుకున్నారు. జేఎన్‌టీయూ విడిపోయినప్పుడు మనవాళ్లు ఇదే బెంగ పెట్టుకున్నారు. 2020లో తమిళనాడులో ఈ పేరు బెంగ తలకిందులైంది. చెన్నై గిండీలోని అన్నా ప్రాంగణాన్ని అనుబంధ కాలేజీల నుంచి వేరుచేసేందుకు శాసనసభ బిల్లు ఆమోదించింది. పాత పేరు అనుబంధ కాలేజీల వైపు పోతుందని, తమకు కొత్త పేరు తగిలిస్తారని తెలిసి ప్రాంగణ అధ్యాపకులు ఎదురుతిరిగారు. విభజన అమల్లోకి రాలేదు. బిగ్ ఈస్ట్ చీలికలో పేరు ఎవరిదన్న తగవుకు ఇది అచ్చమైన తమిళ రూపం.

పేరు వాదంలో ఒక బలహీనత ఉంది. ఒకే ముద్ర కింద నాలుగు వందలకు పైగా కాలేజీలున్నప్పుడు ఆ ముద్ర దేనికి హామీ? 2024 జులైలో అరప్పోర్ ఇయక్కం అనే సంస్థ, అన్నా అనుబంధ కాలేజీల్లో ఒకే అధ్యాపకుడి పేరు అనేక కాలేజీల జాబితాల్లో కనిపిస్తోందని బయటపెట్టింది. అక్రమం జరిగిందని విశ్వవిద్యాలయం ఒప్పుకుంది. తనిఖీ కమిటీలు వెళ్లి, చూసి, సంతకాలు పెట్టిన కాలేజీలే అవి. విలీనం పేరును కాపాడింది, పేరు వెనక ఉండాల్సిన తనిఖీని కాపాడలేకపోయింది.

మూడోది స్వేచ్ఛ. కొఠారీ కమిషన్ 1964-66లో స్వయంప్రతిపత్తి కాలేజీలను సిఫారసు చేసింది. దేశంలో వాటిని మొదట పెట్టింది తమిళనాడే, 1978లో. సొంత సిలబస్, సొంత పరీక్ష, పట్టా మాత్రం విశ్వవిద్యాలయానిది. 2020 జాతీయ విద్యావిధానం ఇంకో అడుగు వేసి, పదిహేనేళ్లలో అనుబంధ వ్యవస్థనే దశలవారీగా ఎత్తేయాలంది. బలమున్న కాలేజీలు ఆ విధానం కోసం ఆగలేదు. వీఐటీ 2001లో, ఎస్‌ఆర్‌ఎం 2002లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా తెచ్చుకున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గీతం 2007లో, నాగార్జున నుంచి కేఎల్ 2009లో బయటపడ్డాయి. మన దేశంలో కాన్ఫరెన్సు వదిలిపోవడానికి దగ్గరగా వచ్చేది ఇదొక్కటే. యూసీఎల్‌ఏ వెళ్లాక ఒరెగన్ స్టేట్ మిగిలినట్టు, ఇక్కడా వెళ్లగలిగినవి వెళ్లాక మిగిలేవి పల్లె కాలేజీలు, ప్రభుత్వ కాలేజీలు. స్వేచ్ఛావాదులు ఈ మిగిలినవాటి గురించి చెప్పేది తక్కువ.

ఇక హద్దుల సంగతి. పెరియార్ పుట్టిన 1997లోనే, కృష్ణగిరికి దగ్గరలోని కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారు. వేప్పనపల్లి, హోసూరు చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు సేలం కన్నా అది మనసుకు దగ్గర. కానీ రాష్ట్ర విశ్వవిద్యాలయం అధికారం రాష్ట్రం గట్టు దాటదని 2005లో యశ్‌పాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అమెరికాలో ఖండం దాటి చేరొచ్చు, ఇక్కడ పక్క తాలూకాలో చేరలేం.

ఆట మైదానంలో ఈ మ్యాపు

విద్యారంగ వ్యాసాల్లో సాధారణంగా కనిపించని కోణం ఇది. మద్రాసులో హ్యారీ క్రో బక్ 1920లో వైఎంసీఏ వ్యాయామ విద్యాకళాశాల పెట్టినప్పటి నుంచి తమిళనాట బాస్కెట్‌బాల్‌కు కాలేజీలే పెద్ద ఆధారం. మన పద్ధతిలో కాలేజీ నేరుగా జాతీయ స్థాయికి పోదు. అనుబంధ కాలేజీలు తమలో తాము ఆడుకుంటాయి, వాటిలోంచి విశ్వవిద్యాలయం పన్నెండు మంది జట్టును ఎంచుతుంది. ఆ జట్టు భారత విశ్వవిద్యాలయాల సంఘం నడిపే దక్షిణ మండల పోటీకి పోతుంది. మండలానికి నాలుగు జట్లు అఖిల భారత పోటీకి చేరతాయి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలో ఆడిన ధ్రువపత్రం కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటా ఉద్యోగాలకు అర్హత. అంటే ఆ పన్నెండు స్థానాలు ఆటకు మాత్రమే కాదు, జీతానికీ దారి.

ఇప్పుడు ధర్మపురినే చూడండి. ఆర్ట్స్ కాలేజీ పెరియార్‌కు, చెట్టికరై ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ అన్నాకు, 2008లో వచ్చిన వైద్య కళాశాల ఎంజీఆర్ వైద్య విశ్వవిద్యాలయానికి, లా కాలేజీ అంబేడ్కర్ న్యాయ విశ్వవిద్యాలయానికి, బీఎడ్ కాలేజీలు ఉపాధ్యాయ విద్యా విశ్వవిద్యాలయానికి అనుబంధం. ఒకే ఊరి ఆటగాళ్లు ఐదు వేర్వేరు జట్లలో చోటు కోసం పోరాడాలి, ఒక జట్టుగా ఎప్పటికీ ఆడలేరు. వీటిలో పెరియార్ జట్టు నాలుగు జిల్లాల కాలేజీల నుంచి తయారవుతుంది. అన్నా జట్టుకు రాష్ట్రమంతటి ఇంజనీరింగ్ కాలేజీలు పోటీ. డీమ్డ్ విశ్వవిద్యాలయానికి ఒకట్రెండు ప్రాంగణాలున్నా పన్నెండు చోట్లూ దానివే. పైగా వాటికి ఉపకార వేతనాలిచ్చి ఆటగాళ్లను తెచ్చుకునే స్తోమత ఉంటుంది.

ఈ లెక్కన అన్నా విభజన ఆటగాడికి మేలు. చెన్నై, తిరుచ్చి, కోయంబత్తూరు, తిరునెల్వేలి, మదురై అని ఐదు విశ్వవిద్యాలయాలుంటే ఐదు జట్లు, అరవై చోట్లు. విలీనం తర్వాత పన్నెండు. పట్టా మీద పేరు కోరుకున్న విద్యార్థి గెలిచిన రోజునే, జిల్లా స్థాయి ఆటగాడు నలభై ఎనిమిది చోట్లు పోగొట్టుకున్నాడు. శాసనసభలో పేరుకు గొంతులు లేచాయి గానీ ఈ నలభై ఎనిమిదికి గొంతు లేకపోయింది. సభ్య కాలేజీకి ఒకే విలువ ఉండదని, ఏ కొలబద్ద పట్టుకుంటే ఆ విలువ వస్తుందని చెప్పడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ అక్కరలేదు.

తేలనివి

మొదటిది డబ్బు. ప్రతి కాలేజీ అనుబంధ రుసుము, తనిఖీ రుసుము, పరీక్ష రుసుము, విద్యార్థి తల ఒక్కింటికి క్రీడా రుసుము కడుతుంది. ఆ కాలేజీ విద్యార్థులకు తిరిగి ఎంత ఖర్చయిందో కాలేజీవారీగా చెప్పే పట్టిక విశ్వవిద్యాలయ బడ్జెట్లలో కనిపించదు. అమెరికాలో యూనిట్ లెక్క న్యాయమైనదా కాదా అని తగవులాడుకోవచ్చు, లెక్కంటూ ఒకటి ఉంది కాబట్టి. మన దగ్గర తగవుకు ఆధారమే లేదు.

రెండోది, కాలేజీలను పోగొట్టుకున్న మాతృసంస్థ గతి. రుసుములు కొత్త విశ్వవిద్యాలయానికి పోతాయి, పాత సిబ్బంది పింఛన్లు పాతదాని మీదే ఉంటాయి. 2024లో పన్ను బకాయిల కింద మద్రాసు విశ్వవిద్యాలయం బ్యాంకు ఖాతాలనే స్తంభింపజేశారు. దాని ఆర్థిక కష్టాలకు కారణాలు చాలా ఉన్నాయి, విభజనల వాటా ఎంతో విడిగా తేల్చినవారు లేరు.

మూడోది, అనుబంధం ఎత్తేస్తే బర్గూరు, చెట్టికరై లాంటి ప్రభుత్వ కాలేజీలు సొంత పట్టా ఇచ్చే స్థాయికి ఎలా చేరతాయన్నది. జాతీయ విధానం గడువు చెప్పింది, నిధుల సంగతి రాష్ట్రాలకు వదిలేసింది. ఖాళీ అధ్యాపక పోస్టులు నింపకుండా స్వేచ్ఛ ఇవ్వడమంటే చేతులు దులుపుకోవడమే.

విడదీయాలా, కలపాలా అన్న ప్రశ్నకు ఈ సమీక్ష ఒకే జవాబు ఇవ్వలేదు. ఆర్ట్స్ కాలేజీలకు సేలం మేలు చేసింది. ఇంజనీరింగ్ పట్టాకు చెన్నై పేరు పనికొచ్చింది. ఆటగాడికి విభజనే లాభం. కానీ తదుపరి బదిలీకి ముందు జరగాల్సిన పని ఒకటుంది. ప్రతి అనుబంధ కాలేజీ నుంచి ఏటా ఎంత వసూలైందో, అక్కడికి తిరిగి ఏం చేరిందో, విశ్వవిద్యాలయ జట్లలో ఆ కాలేజీ వాళ్లు ఎందరో రెండు పేజీల్లో అచ్చువేయాలి. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, విశ్వవిద్యాలయ పాలకమండలి అయిన సిండికేట్ తీర్మానం చాలు. ఆ తీర్మానం పెట్టమని సిండికేట్లలో కూర్చున్న ప్రిన్సిపాళ్లు ముందు అడగాలి.